యాదగిరి వదలని ఆట

నా చెస్ నేస్తం యాదగిరి పోయి మూడు నెలలైంది. నిన్న అతని భార్య సుజాత ఫోన్ చేసి, "అన్నా, ఆయన చెస్ బోర్డు మీద రోజుకో పావు జరుగుతుంది. జర వచ్చి చూడుర్రి" అంది. నవ్వొచ్చింది గానీ, పొద్దున్నే విజయవాడలో బస్సెక్కేశాను.

నాకూ యాదగిరికీ ఒకే ఛాంపియన్ పిచ్చి. కుర్రతనంలోనే ప్రపంచ కిరీటం గెలిచి, పోగొట్టుకుని, మళ్లీ లాక్కున్న మహానుభావుడు. ఆయన ఆటల్లోకెల్లా మేటి ఆట ఒకటుంది. తెల్లపావులతో ఆడుతూ ఏనుగునీ, మంత్రినీ వరుసగా బలి ఇచ్చాడు. నల్లపావులవాడు బెదిరిపోయి ఓటమి ఒప్పుకున్నాడు. "తొందరపడ్డడు. గుర్రం ఎనక్కి జరిపితే గెలిచేటోడు" అని యాదగిరి బతికినన్నాళ్లూ వాదించాడు. నేను ఒప్పుకుంటేగా!

బస్సులో చిన్న బోర్డు తీసి అదే ఆట వేసుకుంటుంటే పక్క సీటు పెద్దాయన, "అవతల ఆడేదెవరండీ?" అన్నాడు.

"ఎవరూ లేరండి" అన్నాను.

మధ్యాహ్నానికి ఎల్‌బీ నగర్‌లో దిగి, ఇడ్లీ తిని, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ చేరాను. ఆ ఎండలో ఆటోకన్నా మెట్రోయే నయం. హాస్టళ్ల మధ్య సందు చివర సుజాత ఇల్లు.

"ఆదివారం కిరాయికి చదువుకునే పిల్లలొస్తున్నరు. ఆట ఒడవకుండ, సగంల ఉండంగ ఆయన గది ఎట్ల ఖాళీ జేయాలె? నాకు అన్నం పోతలేదు" అంటూ తలుపు తీసింది. ఆమెకు చెస్ రాదు.

బోర్డు మీద ఛాంపియన్ మేటి ఆట ఉంది, అవతలివాడు ఓటమి ఒప్పుకున్న చోటుదాకా. ఆపైన ఒక్క ఎత్తు ఎక్కువ. నల్లగుర్రం వెనక్కి వచ్చింది. పక్కనే చెస్ గడియారం. ఎత్తు వేసినవాడు మీట నొక్కితే అవతలివాడి ముల్లు నడుస్తుంది. తెల్లపావుల వైపు ముల్లు నడుస్తోంది, అంటే ఎత్తు నాదే.

"నువ్వు నొక్కావా అమ్మా?"

"నేను దాని జోలికే పోలే."

చాలాసేపు కూర్చున్నాను. తెల్లపావులకు గెలిచే దారి కనిపించలేదు. భయమేసింది. అంతకన్నా రోషం వచ్చింది. ఏ పావునూ ముట్టకుండా లేచి వచ్చేశాను.

సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి, మళ్లీ చిన్న బోర్డు తీశాను. చౌటుప్పల్ దాటేసరికి ఒప్పుకోక తప్పలేదు. గుర్రం వెనక్కి వస్తే ఛాంపియన్‌కైనా దిక్కు లేదు. సుజాతకు ఫోన్ చేశాను.

"అమ్మా, యాదగిరి చెప్పిందే నిజం. నేను ఓడిపోయాను. వెళ్లి ఓటమికి గుర్తుగా తెల్లరాజును పడుకోబెట్టు."

సుజాత గది వైపు నడిచిన చప్పుడు.

"గడియారం టిక్కుటిక్కు ఆగింది అన్నా. మీరు ఓడిన అనంగనే ఆగింది. నేనింక గది గడప దాటనే లేదు."

చిన్న బోర్డు మూసేశాను. "అయితే ఆదివారం పిల్లల్ని రమ్మనమ్మా" అన్నాను.

ఛాంపియన్ ఆటలన్నీ కంఠతా పట్టినవాణ్ణి. ఇప్పుడెవరైనా మేటి ఆట ఏదని అడిగితే, యాదగిరి నల్లపావులు గెలిచిందే చెబుతాను.