బదులు పచ్చ

పట్టణ ప్రణాళికా కార్యాలయంలో ఆయన్ని అందరూ పచ్చసారు అనేవాళ్లు. వెనకాలా అనేవాళ్లు, ఎదురుగానూ అనేవాళ్లు. ఆయనకు అది బిరుదులా వినపడేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. రాబోయే ముప్పై ఏళ్లలో నగరం ఎటు పెరగాలి, ఎక్కడ ఆగాలి, చుట్టూ ఉన్న పొలాల్లో వేటి జోలికి పోకూడదు అన్నది పటం మీద గీయడం ఆయన ఉద్యోగం. పసుపు పూసిన చోట ఇళ్లు కట్టుకోవచ్చు. పచ్చ పూసిన చోట పంట తప్ప ఇటుక కనపడకూడదు. ఇంత అధికారం చేతిలో ఉన్న మనిషి, తను పుట్టి పెరిగిన పొలం తప్ప ఇంకో పొలంలో కాలు పెట్టిన పాపాన పోలేదు. పైనుంచి తీసిన ఫొటోలుండగా బూట్లు పాడు చేసుకోవడం దేనికనేవాడు.

చట్టం ఒక్క మాటే చెప్పింది: మొత్తం మీద పచ్చ తగ్గకూడదు. ఏ పచ్చ, ఎక్కడి పచ్చ అన్నది చెప్పలేదు. ఆ సందులో పచ్చసారు తన తెలివినంతా దూర్చాడు. పలుకుబడి ఉన్నవాడెవడైనా వచ్చి పొలాన్ని ఇళ్ల స్థలాలుగా మార్చమంటే కాదనడం ఆయన ఒంట్లోనే లేదు. దాన్ని పసుపు చేసేసి, అంతే విస్తీర్ణం ఇంకోచోట వెతికి పచ్చ పూసేవాడు. ఆఫీసులో దాన్ని 'బదులు పచ్చ' అనేవాళ్లు. మొదటి బదులు ఒక రాళ్లగుట్టకు దక్కింది. తర్వాత చెరువు నీళ్లకు దక్కింది. ఆ తర్వాత శ్మశానానికి, జైలు ఆవరణకు, రైలు పట్టాల పక్కన ముళ్లపొదలకు. కాళ్లావేళ్లా పడి బతిమాలినా ఎవడూ ఇల్లు కట్టని చోట్లన్నీ ఏరి ఏరి, వాటికి ఇళ్ల బెడద లేకుండా కాపాడాడు మహానుభావుడు. ఏటా పెద్దల ముందు పటం విప్పి, ఒక్క ఎకరం తగ్గలేదని గొంతు సవరించుకునేవాడు. కాకిలెక్కలకైనా కొంచెం సిగ్గుండాలి.

ఆయనకో అక్క ఉంది. నగరం అంచున, తండ్రి పంచి ఇచ్చిన నల్లటి నేలలో, కూతురితో కలిసి ఆకుకూరలూ టమాటాలూ పండిస్తుంది. పక్కనే ఉన్న తన వాటాని తమ్ముడు మొదటి పటం గీయడానికి ఏడాది ముందే అమ్మేసి, ఊళ్లో మేడ కట్టుకున్నాడు. ఆ వైపంతా పచ్చ పూసింది ఆ తర్వాతే. అది అలా కలిసొచ్చిందంతే అనేవాడు. అక్క నమ్మేది.

ఇరుగుపొరుగు రైతులు ఎవరెవరినో పట్టుకుని తమ పొలాలు పసుపు చేయించుకున్నారు. అమ్ముకుని, ఆ డబ్బుతో దూరంగా ఇంకా పెద్ద పొలాలు కొనుక్కుని వెళ్లిపోయారు. అక్కకూ ఆ ఆలోచన వచ్చింది. తమ్ముణ్ణి అడిగింది.

"అమ్మకక్కా," అన్నాడు పచ్చసారు. "నేను గీసిన గీత అది. నేనుండగా నీ పొలంలో ఇటుక పడదు. నీ కూతురు కూడా అక్కడే దున్నుకుంటుంది, చూస్తూ ఉండు."

అక్క ఆగిపోయింది. ఆగడమే కాదు, ఆ పటం గీసింది మా తమ్ముడేనని కూరల బజారులో నలుగురికీ చెప్పుకుంది. బడాయిలో ఆమె తమ్ముడికేమీ తీసిపోదు. చుట్టూ మేడలు లేచాయి, వాటి మురుగు ఈమె గట్టు దాటి వచ్చింది. అయినా తమ్ముడి మాట నమ్ముకుని మళ్లు కట్టుకుంటూ, గట్టు ఎత్తు చేసుకుంటూ ఏళ్లు వెళ్లదీసింది.

పచ్చసారు వచ్చే నెల రిటైరవుతాడనగా కొత్త డైరెక్టరు గదిలోకి పిలిచాడు. అన్ని కాలనీలు వచ్చాక అక్కడ బస్సుల డిపో కావాలట. ఖాళీగా మిగిలింది ఆ ఒక్క పొలమేనట. పైగా అది పచ్చ కాబట్టి పొలం ధరకే వస్తుందట. చివర్లో డైరెక్టరు, రిటైరయ్యాక సలహాదారుగా ఉండకూడదా అని నవ్వాడు. అది అక్క పొలమని చెబుదామని పచ్చసారు నోరు తెరిచాడు. తెరిచి, తలూపి బయటికొచ్చాడు. సాయంత్రానికి బదులు కూడా దొరికింది. ఊరికి అవతల ఎప్పుడో వదిలేసిన రాతి క్వారీ, అచ్చంగా అంతే విస్తీర్ణం. ఇక ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

పొలంలో సర్వేవాళ్లు రాళ్లు పాతుతుంటే అక్కకు సంగతి తెలిసింది. మట్టికాళ్లతోనే ఆఫీసుకు వచ్చింది.

"ఏరా, నా పొలంలో బస్సులు పెడతావంటగా?"

"కూర్చో అక్కా. నీ దగ్గర పోయిందని చూస్తున్నావు గానీ, మొత్తం మీద ఏమీ పోలేదు. ఇదిగో, అంతా ఇక్కడ తిరిగొచ్చేసింది." పటం మీద వేలు పెట్టి చూపించాడు.

"అక్కడేముంది?"

"ఇప్పటికైతే క్వారీ."

"సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదు."

"అయితే లే. నాకు తిరిగొచ్చిన పొలమేదో చూపించు."

బస్సులో వెళ్లారు. ముప్పై ఏళ్లుగా ఆ ప్రాంతానికి రంగులు పూసినాయనకు ఏ స్టాపులో దిగాలో తెలియలేదు. రెండు స్టాపుల ముందే దింపేశాడు. టీ కొట్టువాణ్ణి అడిగి, దారి కనుక్కుని, అక్కే ముందు నడిచింది.

క్వారీ అంటే మేడ మునిగేంత గొయ్యి. అంచున లారీలు వరసగా నిలబడి తొట్లు ఎత్తి మట్టి పోస్తున్నాయి. నల్లటి మట్టి, వేళ్లూ వానపాములూ ఇంకా అందులోనే ఉన్నాయి. ఎక్కడిదని అక్క ఒక డ్రైవర్ని అడిగింది. అక్క పొలం పక్క కాలనీ పేరు చెప్పాడు. కొత్త మేడలకు పునాదులు తవ్వుతున్నారట, ఆ మట్టి పారబోయడానికి ఇంతకంటే చోటు లేదట.

అక్క వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. కాలనీ రాకముందు ఆ పొలాల్లో ఆమె కూలికి కలుపు తీసింది, ఆ రైతులు ఈమె పొలానికి సాయం వచ్చేవాళ్లు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. పక్కకు తిరిగితే తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా," అన్నాడు. "నేను బండరాయనుకున్నాను. ఇది బంగారం లాంటి నేల. ఇక్కడ పండుతుంది."

కొట్టాల్సిన మాట అది. అక్క కొట్టలేదు.

"ఒరే, నువ్వు నన్ను కాపాడకుండా ఉంటే నేనెప్పుడో అమ్ముకుని, అందరిలాగే ఇంకోచోట దున్నుకునేదాన్ని. పిల్లకు పొలం మిగిలేది. నీ సంతకం పెట్టకు. ఇంకేమీ అడగను."

ఆయన, చూద్దాంలే అక్కా, అన్నాడు. మొహం మీద కాదనడం ఆయన ఒంట్లోనే లేదన్నాను కదా, అక్కకు మాత్రం ఎందుకు చెబుతాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి పటం తెరిచాడు. రాత్రంతా మనసు పీకిందని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. ఆ పీకుడుకు ఆయన చేసిన వైద్యం ఇది: పటం మీద 'క్వారీ' అన్న మాట చెరిపేసి, ఆ చోట 'మొదటి రకం సాగుభూమి' అని రాశాడు. ఉద్యోగంలో చేరాక స్వయంగా వెళ్లి, కళ్లతో చూసి రాసిన మాట అదొక్కటేనని తెగ మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, మన మట్టి ఎక్కడికీ పోలేదు. దానికి గట్టి రక్షణ రాశాను. అక్కడ ఇక ఎవడూ గడ్డపార కూడా వేయలేడు."



"మంచిది నాయనా," అంది అక్క. "రేపు నేను పోయాక నన్ను కూడా ఆ గోతిలోనే పోయించు. నువ్వు బతికున్న నేలను కాపాడలేవు."

ఫోన్ పెట్టేసింది. అక్కకు ప్రణాళికలంటే అర్థం కావని పచ్చసారు పక్క సీటాయనతో అన్నాడు. పక్క సీటాయన అవునన్నాడు. పెన్నులో సిరా సరిగా రావడం లేదు. చిత్తు కాగితం మీద రెండుసార్లు గీసి చూసుకుని, సంతకం పెట్టాడు.