మూడు పిన్నీసుల వదిన

పెళ్ళిళ్ళకి పిలిపించుకుని చీర కట్టించుకునే మా వదినని అందరూ మూడు పిన్నీసులావిడ అనేవారు. పెళ్ళికూతురికి పట్టుచీర కట్టడానికి మిగతావాళ్ళు డబ్బాడు పిన్నీసులు వెంట తెచ్చుకుంటారు. మా వదిన మూడంటే మూడే తీసుకెళ్ళేది. భుజం మీద ఒకటి, నడుము దగ్గర ఒకటి, కుచ్చిళ్ళకు ఒకటి. "నాలుగోది కావాల్సొచ్చిందంటే చీర నీ మాట వినట్లేదన్నమాట" అనేది నాతో. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నేను చీరకి పందొమ్మిది వాడేదాన్ని.

నేను ఆవిడ ఆడపడుచుని. అన్నయ్యా వాళ్ళింట్లోనే ముందుగదిలో మిషను వేసుకుని చీరలకు ఫాల్ కుడతాను. నాది ఎడమచేతి వాటం, కత్తెర కూడా ఆ చేత్తోనే. అందుకని వదిన నాకు 'ఎడంచేతి రాణి' అని పేరు పెట్టింది. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకి నాలుక చివర వెటకారం. పాతికేళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఎలా నెట్టుకొచ్చామో ఆ మిషనుకే తెలియాలి.

ఆవిడ పని మాత్రం చూసి తీరాల్సిందే. నచ్చనివాళ్ళని పొగడటం నాకు చేతకాదు, అయినా చెబుతున్నాను. చీర మడత విప్పకముందే పెళ్ళికూతుర్ని గదిలో అటూ ఇటూ నడిపించేది. కూర్చోమనేది, చెయ్యెత్తమనేది. ప్రతి మనిషికీ ఒక భుజం కొంచెం కిందికి ఉంటుందట, పైట బరువు దానిమీద పడకూడదట. పొట్టిపిల్లకి సన్న కుచ్చిళ్ళు, పైటకొంగు మోకాలి దాకా. బక్కపిల్లకి పైట మడతలు పెట్టకుండా వదులుగా చేతిమీదికి. కట్టడం అయ్యాక, "ఇప్పుడు నవ్వు చూద్దాం" అనేది. నవ్వినా కుచ్చిళ్ళు కదలకపోతే అప్పుడు చేతులు దులుపుకునేది.

ముందురోజే ఇస్త్రీతో మడతలు నొక్కి, పిన్నీసులు గుచ్చి, అట్టపెట్టెలో సర్దే పద్ధతి వచ్చాక నేను అది నేర్చుకున్నాను. పొద్దున పెట్టె తెరిచి పది నిమిషాల్లో కట్టేసుకోవచ్చు. కొత్త చీరలకు బ్రహ్మాండంగా ఉంటుంది. వదిన నా మడతలు చూసి, "చీర అనుకున్నాను, అప్పడాల కట్టలా ఉందే!" అంది. ఇంట్లో వాళ్ళందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

ఇంకో మంట కూడా ఉంది, దాచడమెందుకు. మా అమ్మ పోయేముందు తన పెళ్ళి పట్టుచీర కన్నకూతురినైన నాకివ్వకుండా కోడలి చేతిలో పెట్టింది. "దానికే పట్టు సంగతి తెలుసు" అంది. ఆ మాట ఎన్నేళ్ళయినా నాకు గొంతులో ముల్లులాగే ఉండిపోయింది.

నాలుగేళ్ళ క్రితం మా మేనకోడలికి, అంటే వదిన కూతురికి, పెళ్ళి కుదిరింది. పిల్లని పెంచింది మా అమ్మే. అందుకే, "నాకు కొత్త చీరలేం వద్దు. నానమ్మ చీరే కట్టుకుంటాను. అమ్మే కట్టాలి" అని పట్టుబట్టింది. వదిన మొహం ఆ రోజు వెలిగిపోయింది. ఎంతమంది పిల్లలకో కట్టింది, సొంత కూతురికి కట్టడం కోసమే ఇన్నాళ్ళూ చెయ్యి సాధన చేసినట్టు మాట్లాడింది.

పెళ్ళికి రెండు వారాల ముందు ఆ చీర నా చేతికిచ్చింది.

"పాత ఫాల్ ఊడదీసి కొత్తది కుట్టు. ఇస్త్రీ మాత్రం పెట్టొద్దమ్మా. పాతపట్టు, వేడి తగిలితే మడత దగ్గర చిట్లుతుంది. కర్రకి చుట్టి ఉంచు చాలు. మిగతాది ఆ పొద్దున నేను చేత్తో చూసుకుంటాను."

తెలుగులోనే చెప్పింది. నాకు అర్థమయ్యేలానే చెప్పింది. కానీ నాలో ఉన్న పొగరు వినలేదు. అమ్మ చీర ఒక్కసారి నా చేతుల్లో తయారవ్వాలి, పెట్టె తెరవగానే అందరూ నోరు వెళ్ళబెట్టాలి, ఇది అత్త చేసిందని పిల్ల చెప్పుకోవాలి. అంతే నా ఆశ. ఇస్త్రీపెట్టె బాగా కాగాక నీళ్ళు చిలకరించి, ఒక్కో మడత కత్తి అంచులా వచ్చేదాకా నొక్కాను. పందొమ్మిది పిన్నీసులు గుచ్చాను. అట్టపెట్టెలో పెట్టి పెళ్ళికూతురి సూట్‌కేసు అడుగున దాచాను. "చీర సర్దేశాను వదినా" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు, నన్ను నమ్మింది.

పెళ్ళి పొద్దున అద్దం ముందు పిల్ల కూర్చుని ఉంది. గదినిండా మగపెళ్ళివారి ఆడవాళ్ళు. వదిన పెట్టె తెరిచింది, ఒక్క క్షణం ఆగింది, పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. చీర విప్పి పైకెత్తేసరికి కిటికీ వెలుతురు అందులోంచి గీతలు గీతలుగా ఇవతలికి వచ్చింది. నేను నొక్కిన ప్రతి మడత దగ్గరా పట్టు పై నుంచి కింది దాకా చీలిపోయి ఉంది. అంచు జరీ ఒక్కటే ముక్కల్ని పట్టుకుని వేలాడుతోంది.

"ఎవరమ్మా ఇలా చేసింది? నానమ్మ చీర..." అని పిల్ల ఏడుపు అందుకుంది.

వదిన నావంక చూసింది. నేను చెప్పాలి. నోరు తెరవాలి, రెండు ముక్కలు, అంతే. ఇంటెడు మందినీ నోటితో ఆడించే నేను ఆ ఖాళీ అట్టపెట్టెని చూస్తూ నిలబడ్డాను.

"నేనేనమ్మా. హడావుడిలో నేనే ఇస్త్రీ పెట్టేశాను" అంది వదిన.

పిల్ల ఇంకేదో చీర కట్టుకుని, తల్లి చెయ్యి తగలనివ్వకుండా నాచేతే పైట పెట్టించుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలో విన్నవాళ్ళు ఊరుకుంటారా? ఇంతమందికి కట్టినావిడ సొంత కూతురి చీరే మసి చేసిందట అని ఆ నోటా ఈ నోటా పడింది. మొదట ఒకరు రావద్దన్నారు, తర్వాత ఇద్దరు. ఏడాది తిరిగేసరికి ఆవిడని పిలిచేవాళ్ళే లేరు. వాళ్ళందరూ నా దగ్గరికి వచ్చారు. నా పని పెరిగింది. నేను మిషను పక్కన ఇస్త్రీబల్ల వేయించుకున్నాను. వదిన వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బఠానీలు ఒలుస్తూ కూర్చునేది. ఒక్కరోజు కూడా నన్ను మాట అనలేదు. అని ఉంటే తిరగబడి పోట్లాడి చెప్పేసేదాన్నేమో. సిగ్గులేని మనిషిని, అందుకు కూడా ఆవిడనే తప్పుపట్టేదాన్ని.

మొన్న మేనకోడలు తన ఆడపడుచు పెళ్ళికని కొత్త పట్టుచీర పట్టుకుని వచ్చింది. నా బల్ల మీద పెట్టి, "ఇక్కడే కట్టేసెయ్ అత్తా, ఇటునుంచి ఇటే వెళ్తాను. అమ్మ చేతికి మాత్రం ఇవ్వకు" అంది. వదిన గుమ్మంలోనే ఉంది. చేతిలో బఠానీకాయ అలాగే ఆగిపోయింది.

నాకు ఇక మోయడం చేతకాలేదు.

"నానమ్మ చీర పాడుచేసింది నేనే" అన్నాను. "మీ అమ్మ వద్దని చెప్పింది. నేనే ఇస్త్రీ పెట్టాను. ఆ రోజు నోరు మూసుకున్నది కూడా నేనే."

పిల్ల నన్ను చూడలేదు. నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది.

"నీకు తెలుసా అమ్మా?"

"పెట్టె తెరవగానే తెలిసింది. పిన్నీసుల తలలన్నీ ఎడమవైపుకే ఉన్నాయి" అంది వదిన.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ అత్త చెప్తుందేమోనని చూశాను. చెప్పలేదు. నువ్వేమో ఏడుస్తున్నావు, అవతల టైమైపోతోంది. ఎవరో ఒకరు అనిపించుకోవాలి కదా."

పిల్ల తల్లిని వాటేసుకుని భోరుమంది. తర్వాత చీర తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "లే అమ్మా, నువ్వే కట్టు" అంది.

వదిన చేతులు కడుక్కుని వచ్చింది. పిల్లని నడిపించింది, కూర్చోబెట్టింది, చెయ్యెత్తించింది. చీర చుట్టి కుచ్చిళ్ళు పట్టింది. రెండు బాగానే వచ్చాయి. మూడోదానికి వేళ్ళు వణికాయి, పట్టు జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. నాలుగోసారికి ఎలాగో ఐదు కుచ్చిళ్ళు దోపింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఈ వణుకు ఎప్పటినుంచమ్మా?" అంది పిల్ల.

"ఈ ఏడే మొదలైంది. పోయినేడు దాకా బాగానే ఉండేవి నా చేతులు" అంది వదిన. తప్పు చేసిన పిల్లలా వాటిని పైటలో దాచుకుంది. "అప్పుడే అడిగి ఉంటే కట్టేదాన్నే."

ఆ మూడేళ్ళూ బాగున్న చేతులతో ఆవిడ బఠానీలు ఒలిచింది. నా కళ్ళెదుటే ఒలిచింది. ఒక్క మాటతో వాటిని మళ్ళీ పట్టు మీద పెట్టించగలిగిన దాన్ని, పక్కనే కూర్చుని ఇస్త్రీ చేసుకున్నాను.

పిల్ల ఆ హెచ్చుతగ్గుల కుచ్చిళ్ళతోనే పెళ్ళికి వెళ్ళింది, సరిచేస్తానంటే నన్ను ముట్టుకోనివ్వలేదు. మూడో పిన్నీసుని నొక్కి మూయడం వదిన వేళ్ళకి చేతకాలేదు. దాన్ని అలాగే బల్ల మీద పెట్టేసి బఠానీల దగ్గరికి వెళ్ళిపోయింది.