రెండుసార్లు బల్ల మీద పెట్టిన కవరు

సహోదరులారా, ఈ పత్రికలో మీరు తాగుడు మానినవారి సాక్ష్యాలు చదివారు, డాక్టర్లు ఆశ వదులుకున్న రోగం నుంచి లేచినవారి సాక్ష్యాలు చదివారు. నేను చుక్క ముట్టినవాణ్ణి కాను, మంచం పట్టినవాణ్ణీ కాను, అయినా కొన్నేళ్ళపాటు సంకెళ్ళలో బతికాను! నా పేరును అచ్చులో చూసుకోవాలన్న దాహమే ఆ సంకెళ్ళు. ఆ దాహంతో పొద్దున్నే లేచేవాణ్ణి, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా దాన్నే తలుచుకునేవాణ్ణి, చివరికి దానికోసం అబద్ధం రాసి, ఆ అబద్ధాన్ని తెచ్చి దేవుని మందిరంలో బల్ల మీద పెట్టి, మీ అందరిచేతా ఆమెన్ చెప్పించాను. ఆయన నన్ను ఎలా విడిపించాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మా అక్క భర్త వాల్తేరులో అదే శాస్త్రం చెబుతారు, ఆయన రాసిన వ్యాసాలు పెద్ద పత్రికల్లో వచ్చాయి, డాక్టరు పట్టా ఉంది. బొబ్బిలిలో మా ఇంటి పెళ్ళికి ఆయన వస్తే "డాక్టరు గారికి కుర్చీ ఎయ్యండ్రా!" అని పందిరంతా కదిలేది. అదే పెళ్ళిలో మా మేనమామ నా భుజం మీద చెయ్యివేసి, నలుగురూ వినేటట్టు, "నువ్వేట్రా, ఇంకా కప్పల్ని కోసుకుంటానే ఉన్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ మాట మేకులా దిగబడిపోయింది, అక్కడే నేను మొక్కుకున్నాను, నేనూ వ్యాసం రాస్తాను, నేనూ పట్టా తెస్తాను అని. అది ప్రార్థన అనుకున్నాను, అసూయ అని తెలుసుకోలేదు!

వాల్తేరులో ఒక ఆచార్యులు గారు దయతో నాకు గైడుగా ఉండడానికి ఒప్పుకున్నారు. నెత్తళ్ళు ఏ నెలలో గుడ్లు పెడతాయో ఏడాది పొడుగునా గమనించి రాయడం నా పని. దానికి ప్రతి వారం అప్పుడే పట్టిన చేపలు కావాలి. కళింగపట్నం పక్కన ఒక చిన్న పల్లెలో ఎర్రన్న అనే మనిషి ఉండేవాడు, పడవ నడిపే పెద్ద, తండేలు అంటారు. వారం వారం బస్సులో వెళ్ళి ఆయన పడవ ఒడ్డుకు వచ్చేసరికి ఇసుకలో నిలబడేవాణ్ణి. ఆయన వలలోంచి దోసెడు నెత్తళ్ళు తీసి నా డబ్బాలో పోసేవాడు, నేను అక్కడే చిన్న కత్తెరతో చేప కడుపు కోసి గుడ్లు చూస్తుంటే పడవ మనుషులు చుట్టూ మూగేవారు.

"ఒరే, సూడండ్రా! నెత్తళ్ళకి కూడా మంత్రసాని ఒచ్చినాడు!" అనేవాడు ఎర్రన్న. "ఏటి మాస్టారూ, ఇది ఎన్నో నెల?"

"నిండు నెలలే" అనేవాణ్ణి.

"అయితే పురిటి నీళ్ళు కాయమంటారా?" అని ఆయన భార్య పోలమ్మ అంటే ఒడ్డంతా గొల్లుమనేది.

అంత మంచి మనుషులు! ఒక్కనాడూ ఒక్క పైసా అడగలేదు. నా పేరు మర్చిపోయి మంత్రసాని మాస్టారు అనే పిలిచేవారు.

అలా సగం ఏడాది బాగా జరిగింది. తరువాత శ్రావణం వానలు పట్టాయి. రోడ్డుకు అడ్డంగా పారే గెడ్డ పొంగితే బస్సు ఆగిపోయేది, బురదలో నడవాలి. ఒక వారం మానేశాను. వచ్చే వారం చూద్దాంలే అనుకుని ఆ వారమూ మానేశాను. వాన తెరిపి ఇచ్చినా వెళ్ళలేదు, అలవాటు తప్పింది. ఈలోగా వాల్తేరు నుంచి కబురు, సంవత్సరం పూర్తయ్యింది కదా, వ్యాసం తయారు చెయ్యండి అని! అప్పుడు నేనేం చేశానో వినండి సహోదరులారా. ముందు నెలల లెక్కలు ఎలా పెరుగుతున్నాయో చూసి, వెళ్ళని వారాలకు కూడా అంకెలు ఊహించి వేశాను. చేప పొడవు వేశాను, గుడ్ల పరిమాణం వేశాను. కాలేజీ టైపు మిషన్ మీద కార్బన్ కాగితాలు పెట్టి కొట్టాను, పల్చటి కాగితం మీద నల్ల సిరాతో గ్రాఫు గీశాను. వంపు ఎక్కడా తడబడకుండా పైకి లేచి కిందికి దిగింది. అంత అందమైన వంపు గీసినందుకు సంతోషించాను కూడా! చివర కృతజ్ఞతలు చెప్పే చోట, సంవత్సరం పొడుగునా ప్రతి వారం తప్పకుండా చేపలు ఇచ్చిన తండేలు ఎర్రన్నకు వందనాలు అని రాశాను. అది నా దొడ్డ మనసు అనుకున్నాను.

మన సంఘంలో ఉన్న ఆచారం మీకు తెలుసు. విత్తనాల వడ్లు గాని, కొత్త వల గాని, పరీక్ష హాలు టిక్కెట్టు గాని, ఏది మొదలుపెడుతున్నా ఆదివారం తెచ్చి బల్ల మీద పెడతాం, అయ్యగారు చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. నేనూ నా వ్యాసం ఉన్న కవరు తెచ్చి పెట్టాను. అయ్యగారు అందరికీ చేసే ప్రార్థనే చేశారు. "తండ్రీ, ఈ పని నీ ముందు పెడుతున్నాం. ఇందులో నీకు ఇష్టం లేనిది ఏదైనా ఉంటే దీన్ని ముందుకు పోనివ్వకు. ఇష్టమైనదైతే నువ్వే దారి చూపించు." అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది నేనే! మర్నాడు రిజిస్టరు పోస్టులో ఒక శాస్త్ర పత్రికకు పంపించి, స్టాఫు రూములో అందరికీ మిఠాయి పెట్టాను.

కొన్ని నెలలకు ఆ పత్రిక సంపాదకుల నుంచి ఉత్తరం వచ్చింది. వ్యాసం చదివిన పండితుడు మెచ్చుకున్నాడు, అచ్చు వేస్తాం, కాని ఒక చిన్న సంగతి, గాలివానల నెలలో కూడా చేపలు క్రమం తప్పకుండా ఎలా దొరికాయో, ఏ పడవ మీద దొరికాయో ఒక వాక్యం చేర్చి పంపండి అని. ఎగిరి గంతేశాను! ఒక్క వాక్యం! అది ఇంట్లో కూర్చునే రాసేద్దును, కాని ఎర్రన్న పేరు అచ్చులో వస్తుందని ఆయనకు చెప్పి, ఆయన ముఖం చూడాలనిపించింది. ఆ కోరిక నాది కాదని, నన్ను నడిపించినవాడు వేరే ఉన్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

పల్లెకు వెళ్ళేసరికి పోలమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచింది. "ఏటి బాబూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అంది. ఎర్రన్న ఏడీ అని అడగకుండానే నేను కాగితం తీసి, చివరి వాక్యం తెలుగులో చెప్పాను, సంవత్సరం పొడుగునా ప్రతి వారం ఎర్రన్న చేపలు ఇచ్చాడని ఇందులో ఉంది, దేశమంతా చదువుతుంది అని.

ఆమె చేతులు దులుపుకుంది. "పెతి వారమూనా బాబూ?"

"ప్రతి వారమూ."

"శ్రావణంలో కూడానా?"

"శ్రావణంలో కూడా."

"అయితే సచ్చిపోయినాక కూడా మీకు సేపలట్టి ఇచ్చినాడన్నమాట" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు సహోదరులారా, నెమ్మదిగా, నిజంగా అలా జరిగి ఉంటుందేమో అన్నట్టు అంది! తరువాత చెప్పింది. శ్రావణంలో గాలికి పడవ తిరగబడిందట. మిగతావాళ్ళు ఒడ్డుకు కొట్టుకొచ్చారు, ఎర్రన్న రాలేదు. "ఆడు దొరికినదాకా పల్లెలో ఒక్క పడవా దిగనేదు. దొరికినాక దినాలయినదాకా దిగనేదు. మా కట్టుబాటది. సంద్రం మనిసిని తీసుకున్నాక దాని దగ్గిర సేపలు తీసుకోకూడదు. అన్నాళ్ళూ పిల్లలు గంజి తాగినారు. మీకు కబురు తెలీదేమో అనుకున్నాను బాబూ, తెలిస్తే ఒచ్చుందురు."

ఆ చివరి మాట నన్ను ఇసుకలోకి తొక్కేసింది. పల్లె పల్లెంతా ఆకలితో ఉండి ఒక మనిషిని గౌరవించిన రోజుల్లో నేను ఇంట్లో వెచ్చగా కూర్చుని, ఆ మనిషి పడవలోంచే చేపలు దించేశాను!

వస్తానమ్మా అని మాత్రం చెప్పి వచ్చేశాను. బస్సులో అపవాది అయిన సాతాను నా పక్కనే కూర్చున్నాడు. ఆ వారాలకు పక్క ఊరి పడవ అని రాసెయ్యి, ఎవరికి తెలుస్తుంది, ఒక్క వాక్యమే కదా అన్నాడు. సరే అనుకున్నాను కూడా! ఇంటికొచ్చి కలం పట్టుకుంటే నా భార్య సుగుణ, ఆమెదీ బొబ్బిలే, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే అంది.

"రాసుకోండి, నాకేటి? కాని ఆ కవరు మీద అయ్యగారి చెయ్యి పడింది. ఇష్టం లేనిదైతే పోనివ్వకు అన్నారు. ఆమెన్ అని గుడి అదిరేటట్టు అరిసింది మీరే కదా. దేముడు ఇన్నాడు మరి. ఇప్పుడాయన్ని తోసుకుని ఎళ్తారా?"

కలం కింద పెట్టేశాను. ఆ గదిలోనే పట్టపగలు తలుపు తెరిచి ఉండగానే నేల మీద బోర్లపడి, "ప్రభువా, నేను అబద్ధికుణ్ణి, చచ్చిపోయినవాడి చేత చాకిరీ చేయించినవాణ్ణి, నా పేరు తీసెయ్యి, నన్ను మాత్రం తీసెయ్యకు" అని ఏడ్చాను. మాటలు అంతే. లేచేసరికి భయం పోలేదు, కాని ఏం చెయ్యాలో తెలిసింది. అదే నాకు దొరికిన విడుదల! దేవునికే మహిమ!

సంపాదకులకు నిజం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. వాల్తేరు వెళ్ళి గైడు గారికి చెప్పాను. ఆయన అరవలేదు, అరిచినా బాగుండును. "దానిమీద నా పేరు కూడా ఉంది కదయ్యా" అన్నారు, ఇక వెళ్ళమన్నారు. డిపార్టుమెంటు పెద్ద పదవి ఆ ఏడు నాకు రావలసింది, మరొకరికి వెళ్ళింది. మేనమామకు మళ్ళీ నవ్వడానికి మాట దొరికింది. ఇవన్నీ నేను విత్తిన పంటే, ఎవరినీ అనడానికి లేదు.

తరువాత పల్లెకు వెళ్ళి పోలమ్మకూ, ఇప్పుడు పడవ నడుపుతున్న ఎర్రన్న తమ్ముడు అప్పన్నకూ అంతా చెప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను, చేపలు ఇస్తావా అని అడిగాను. అప్పన్న ముఖం ముడుచుకున్నాడు. "వానకి కరిగిపోయే మాస్టారికి సేపలెందుకు?" అన్నాడు.  మరుసటి వారం వెళ్ళాను, ఇవ్వలేదు. ఆ పై వారం వెళ్ళాను. "ఒరే, మంత్రసాని మళ్ళీ ఒచ్చినాడు, ఇయ్యండ్రా" అని పోలమ్మే కేకేసింది.

సహోదరులారా, ఆ ఏడాది నేను ఒక్క వారం మానలేదు! శ్రావణంలో గెడ్డ పొంగితే బస్సు దిగి, తాడు పట్టుకుని దాటి, డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచాను. ఒక్కోసారి అంత దూరం వెళ్ళినా పడవ దిగేది కాదు, ఖాళీ డబ్బాతో తిరిగివచ్చి, ఆ వారం ఎదురుగా చేపలు లేవు అని రాసేవాణ్ణి. అలా రాయడానికి మొదట్లో మనసొప్పేది కాదు, తరువాత తరువాత హాయిగా ఉండేది. ఎర్రన్న పోయిన తిథికి పల్లెలో వేట లేదు, నాకు తెలిసే వెళ్ళాను, డబ్బా తీసుకెళ్ళలేదు. వాళ్ళతో పాటు ఒడ్డున నిలబడి వచ్చాను.

రెండేళ్ళలోనూ నిజంగా చూసిన లెక్కలతోనే కొత్త వ్యాసం రాశాను. ఈసారి గ్రాఫులో వంపు అందంగా లేదు, మధ్య మధ్య తెగిపోయింది. నెత్తళ్ళు గుడ్లు పెట్టేది నేను మొదట చెప్పిన నెలలో కాదేమో అని కూడా తోచింది, తెలియని చోట తెలియదు అనే రాశాను. భయపడుతూ ఒక ప్రతి గైడు గారికి పంపితే, ఉత్తరం ముక్క కూడా జతచేయకుండా, ప్రతి పేజీ ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపారు. ఆ దిద్దుబాట్లు చూసి కళ్ళనీళ్ళు ఆగలేదు!

పంపే ముందు కాగితాలు పోలమ్మకు చూపించాను. మొదటి సంవత్సరం లెక్కల కింద ఒక మాట ఉంది, అది చదివి చెప్పాను. శ్రావణ మాసంలో తండేలు ఎర్రన్న సముద్రంలో మరణించినందున గ్రామంలో వేట ఆగింది, మిగిలిన వారాలు రచయిత వెళ్ళలేదు, ఆ వారాలన్నిటికీ లెక్కలు లేవు.

"ఆడి పేరు ఏదీ?" అంది. చూపించాను. తడి వేళ్ళు చీరకు తుడుచుకుని ఆ చోట వేలు పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా ఉన్నాది బాబూ" అంది.

పోయిన ఆదివారం ఈ కొత్త వ్యాసం కవరును మళ్ళీ అదే బల్ల మీద పెట్టాను. మొదటి కవరులో ఏముందో మీ ముందే ఒప్పుకున్నాను, మీరు నన్ను గెంటలేదు. అయ్యగారు అదే ప్రార్థన చేశారు, ఇష్టం లేనిది ఉంటే పోనివ్వకు తండ్రీ అని. నేను ఈసారి ఆమెన్ మెల్లగా అన్నాను, అర్థం తెలిసి అన్నాను.

మర్నాడు ఆ శాస్త్ర పత్రికకే పంపాను, జవాబు రావడానికి ఇంకా నెలలు పడుతుంది. అచ్చు వేస్తారో, తిప్పి పంపుతారో తెలియదు. తిప్పి పంపితే దిద్దుకుని మళ్ళీ పంపుతాను. జవాబు వచ్చేదాకా ఆగి అప్పుడు సాక్ష్యం చెప్పమని కొందరు స్నేహితులు అన్నారు. కాని దేవుడు నాకు చేసిన మేలు ఆ ఉత్తరంలో లేదు, ఆయన ఇప్పటికే చేసేశాడు! అందుకు ఆయనకు నా నిండు హృదయపు వందనాలు.

ప్రియులారా, మీలో ఎవరైనా రేపు విత్తనమో, వలో, దరఖాస్తో తెచ్చి ఆ బల్ల మీద పెట్టబోతుంటే, ఒక్క మాట. అందులో అబద్ధం ఉంటే ఇంట్లోనే తీసెయ్యండి, తీయలేకపోతే అబద్ధంతోపాటే తీసుకురండి, భయపడకండి. ఆయన ఆపుతాడు. నన్ను ఆపాడు. ఆపిన చెయ్యే మళ్ళీ లేపి నడిపిస్తుంది, నమ్మి రండి.