నాయనకు మందు పెట్టినారు

తెల్లవారి అయిదున్నర బస్సుకు ఉదయగిరిలో ఎక్కాం, నేనూ నాయనా మేనత్త మార్తమ్మా. నెల్లూరు పోవాలంటే ఈ బస్సే మేలు. తర్వాతదానికి ఆత్మకూరులో దిగి ఇంకోటి ఎక్కాలి, ఈలోగా ఎండ మాడ్చేస్తుంది. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందు సీట్లు పట్టుకోండి. వెనక కూర్చుంటే నడుము మీది కాదు.

ముందురోజు నాయన దొడ్లో కళ్ళు తిరిగి పడిపోయాడు. అందుకే ఈ ప్రయాణం. ఆయన ఈ దారిలోనే కండక్టరుగా చేసి రిటైరైనవాడు. మతిమరుపు ముదిరి, కన్నకూతుర్ని నన్నే "ఎవరమ్మా?" అని అడిగేవాడు. నెల్లూరు డాక్టరు అది అల్జీమర్స్ అని చెప్పి, అప్పుడే కొత్తగా వచ్చిన మాత్ర మద్రాసు నుంచి తెప్పించి, రాత్రికొకటి వేయమన్నాడు. కొన్ని వారాలకు ఒక పొద్దున నాయన, "రూతూ, కాఫీ తాగినావా?" అన్నాడు. నా పేరు! ఆ రోజు బడిలో ఏ పిల్లవాడి మీదా బెత్తం ఎత్తలేదు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. అన్నం చూస్తే మొహం తిప్పేస్తాడు, చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

బస్సులో నాకు కుదురు లేదు. కిటికీ తీస్తాను, మూస్తాను, నాయన నాడి పట్టుకుంటాను. అది కొట్టుకోవాలా వద్దా అన్నట్టు కొట్టుకుంటోంది. ఇంతలో ఆయన మళ్ళీ కక్కాడు.

ముందు సీట్లో కూర్చున్న మర్రిపాడు మేకల వ్యాపారి వెనక్కి తిరిగాడు. "ఏందమ్మా, పెద్దాయన అట్ట కక్కుతుండాడు?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "కక్కనీలే అన్నా. ఎవరో మందు పెట్టినారు. అదంతా పడిపోతే మతి అదే వస్తాది."

మా వైపు మందు పెట్టడమంటే మనిషిని లొంగదీసుకోవడానికి తిండిలో ఏదో కలపడం. దాన్ని కక్కిస్తే మనిషి మామూలవుతాడని నమ్మకం. ఆదివారం చర్చి తప్పని మా అత్తకూ ఆ నమ్మకం పోలేదు.

"మాత్ర ఏసినాకే కదా కక్కేది? తొందరగా పడిపోతాదని, నువ్వు బడికి పోయినాక ఇంకోటి ఏస్తా వచ్చినాను" అంది నింపాదిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా, చంపేస్తావే ఆయన్ని!"

"నా అన్నను నేను చంపుకుంటానా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేకలాయన ఆత్మకూరులో దిగుతూ, "ఆయమ్మ ప్రేమతోనే చేసింది, తిట్టబాకమ్మా" అన్నాడు. అక్కడ బస్సు పావుగంట ఆగింది. నాకు టీ కూడా దిగలేదు.

తొమ్మిదికి నెల్లూరు చేరాం. డాక్టరు నాడి చూసి, ఈసీజీ తీయించి, తల అడ్డంగా ఊపాడు. "ఈ మందుకు వాంతులు, విరేచనాలు రావచ్చు, గుండె వేగం తగ్గవచ్చు. రెట్టింపు వేశారు, ఈయన గుండెకు ఒక్కటి కూడా పడదు. ఆపేయండి."

"ఆపితే?"

"తిరిగొచ్చిన జ్ఞాపకం పోవచ్చు. ఇది రోగాన్ని మాన్పదమ్మా, కొందరిలో కొన్నాళ్ళు నిలబెడుతుంది, అంతే."

వారం ఆసుపత్రిలో ఉంచి పంపారు. మిగిలిన మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి. తిరుగు బస్సులో నా చెయ్యి ఊరికే అక్కడికి పోతోంది. ఒక్కటే వేస్తే? సగం వేస్తే? ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

సాయంత్రం ఆత్మకూరులో హోటలు ఇడ్లీ తెచ్చాను. నాయన వాసన చూసి, మొత్తం తినేసి, చెట్నీ వేళ్ళతో నాకాడు. అత్త "దేవునికి స్తోత్రం" అంది. ఈ దారిన మందు కోసం పోయేవాళ్ళకు నేను చెప్పేదొకటే: మాత్ర ఎవరు వేస్తున్నారో, ఏమనుకుని వేస్తున్నారో ఇంట్లో అడిగి తెలుసుకోండి.

బస్సు కదిలింది. నాయన నా వైపు తిరిగి, పాత అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. "యాడికమ్మా?"

"ఉదయగిరికి నాయనా."

"ఉదయగిరా! మా రూతు ఆడే ఉండాది, టీచరమ్మ. చీకటి పడతాది, మా ఇంట్లో అన్నం తినిపో తల్లీ."

సంచిలోంచి చెయ్యి తీసి ఆ చేతిలో పెట్టాను. తింటానన్నాను.