ఎనిమిది వాట్ల మోటారు

ఎలీయాజరు మాస్టారి మంచితనం గురించి చెప్పడానికి ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఊరికి పదిమంది దొరుకుతారు. ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను. నేను ఆయన దగ్గర ఆరో తరగతి నుంచి పది దాకా చదువుకున్నాను. ఆయన భార్య కృపమ్మగారి నడుముకి రెండు నెలలు కట్టు కట్టాను. నాకు తెలిసింది నేను చెప్తాను. కోపంగానే చెప్తాను.

కొల్లేటి అంచున మా ఊళ్ళో మిషన్ స్కూలు ఉండేది. మాస్టారు అందులో సైన్సు చెప్పేవారు, చివర్లో హెడ్మాస్టరు అయ్యారు. పిల్లల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఖాళీ క్లాసులో ఫ్యాను తిరుగుతూ కనిపించిందంటే ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినేవారు కాదు. ఎవరు వదిలేశారని అడిగేవారు కాదు, తిట్టేవారు కాదు. క్యారియరు మూత తియ్యకుండా బల్ల మీద పెట్టుకుని కూర్చునేవారు. మేము కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేవాళ్ళం. దెబ్బ కొట్టకుండా పిల్లల్ని అంతలా ఏడిపించవచ్చని నాకు అక్కడే తెలిసింది. ఇప్పటికీ ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే నాకేదో తప్పు చేసినట్టుంటుంది.

ఆయన్ని పిసినారి అనుకుంటే పొరపాటు. ఎవరైనా అడిగితే లేదనే మనిషి కాదు. వృథా మాత్రం ఆయనకి పాపం కింద లెక్క. రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకున్నారు. ప్రతి స్విచ్చిబోర్డు కింద ఆయన గుండ్రటి అక్షరాలతో ‘ఆపావా?’ అని ఒక చీటీ. టీవీ చిన్న ఎర్రలైటు కూడా వెలగకుండా ప్లగ్గు దగ్గరే ఆపాలి. చార్జరు గోడకి వేలాడకూడదు. ఇస్త్రీ వారానికి ఒక్కసారి. చీకటి పడ్డాక ఇంటికంతటికీ ముందుగదిలో ఒకటే లైటు. దాని కిందే ఆయన పేపరు, కృపమ్మగారి బియ్యం చేట, కూతురు జాయ్సీ దిద్దే పరీక్ష పేపర్లు. ఆదివారం చర్చికి బయలుదేరితే కృపమ్మగారు గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది, ఈయన గదులన్నీ మూడుసార్లు చుట్టి వచ్చేవారు. “మీ మాస్టారు కరెంటుని పెళ్ళి చేసుకున్నారే దుర్గా, నన్ను దానికి తోడుగా తెచ్చుకున్నారు,” అని ఆవిడ నవ్వేది. నేను పెళ్ళయి గూడెం వచ్చి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మాస్టారి ఇల్లు మా వీధికి రెండో వీధి.

ఫిబ్రవరిలో కృపమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. ఎడం చెయ్యి ఒక్కటే ఆడేది. నెలన్నర ఏలూరులో ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చేసరికి నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు పడింది. కదలకుండా పడుకున్నవాళ్ళకి బరువంతా ఒకేచోట పడి చర్మం చచ్చిపోతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతుంటే మానుతుంది. మాస్టారికి డెబ్భై రెండేళ్ళు, హెర్నియా ఆపరేషన్ అయింది, ఆయన తిప్పలేరు. జాయ్సీ తణుకులో ప్రైవేటు స్కూల్లో టీచరు, వేసవిలోనూ క్లాసులుంటాయి, తొమ్మిదిన్నర బస్సుకి వెళ్తే సాయంత్రం ఐదుకి వస్తుంది. అందుకని డాక్టరు గాలి పరుపు రాశాడు.

ఏప్రిల్ మొదట్లో ఆ పరుపు నేనే బిగించాను. పరుపు నిండా సన్నటి గొట్టాలుంటాయి. పక్కనే టిఫిన్ బాక్సంత మోటారు. కాసేపు ఒక వరస గొట్టాల్లోకి గాలి ఎక్కిస్తుంది, కాసేపు ఇంకో వరసలోకి. మనిషి కదలకపోయినా కింద పరుపే కదులుతుంది. “దీన్ని రాత్రీ పగలూ ఆపకూడదు మాస్టారూ,” అన్నాను. ఆయన తలూపారు. ఎందుకు ఆపకూడదో నేను చెప్పలేదు. సైన్సు మాస్టారికి నేను చెప్పేదేంటనుకున్నాను.

రోజు విడిచి రోజు డ్యూటీకి ముందు, ఏడింటికల్లా వెళ్ళి కట్టు మార్చేదాన్ని. ఆ సమయానికి మోటారు గుంయ్‌మంటూనే ఉండేది. కట్టు విప్పేటప్పుడు మాస్టారు వసారాలోకి వెళ్ళిపోయేవారు. పుండు మానాలి. మానలేదు. నిమ్మకాయంత అయింది, తర్వాత నా అరచెయ్యంత అయింది. మందు మార్చాను. సుగరు పరీక్ష చేయించాను. గుడ్లు సరిగ్గా పెట్టడం లేదని జాయ్సీ మీద అరిచాను. రాత్రిళ్ళు తల్లిని తిప్పకుండా నిద్రపోతున్నావని కూడా అన్నాను. పగలంతా పిల్లలతో గొంతు పోగొట్టుకుని వచ్చి రాత్రి నాలుగుసార్లు లేచే పిల్ల అది. కళ్ళు తుడుచుకుంది. కృపమ్మగారు మాత్రం నేను లేవబోతే ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకుని వదిలేది కాదు. నొప్పికనుకున్నాను.

మే నెల మధ్యలో నా డ్యూటీ వేళలు మారాయి. ఆ రోజు ఒంటిగంటకి వెళ్ళాను. మాస్టారు బనీనుతో వసారాలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. లోపల మోటారు చప్పుడు లేదు, ఫ్యాను తిరగడం లేదు. కృపమ్మగారు కళ్ళు తెరుచుకుని చెమటలో నానిపోయి ఉంది. పరుపు చప్పబడి ఆవిడ నడుము మంచం చెక్కకి ఆనుతోంది.

“కరెంటు ఎప్పుడు పోయిందండీ?” అన్నాను.

“పోలేదమ్మా, ఉంది.”

నిజమే, హాల్లో పాత ఫ్రిజ్ వణుకుతూ మోగుతోంది.

“మరి మోటారు ఆగిపోయిందేంటండీ?”

“నేనే ఆపాను. పొద్దుటికల్లా పరుపు నిండిపోతోంది కదా. పదింటికి ఆపి నాలుగింటికి మళ్ళీ వేస్తాను. ట్యాంకు నిండాక మోటారు ఆపమని మీకు నేర్పింది నేనే కదమ్మా,” అని నవ్వారు. నేను మెచ్చుకుంటానని చూస్తున్నారు.

“ఎన్నాళ్ళ నుంచండీ?”

“నువ్వు బిగించిన మర్నాటి నుంచే.”

నలభై రోజులు. “అది నింపడానికి కాదండీ, కదపడానికి. చెరువు నిండిందని ఏరేటర్లు ఆపేస్తామా మాస్టారూ? మా నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉండి, ఏరేటరు అరగంట ఆగితే ఊరంతా లేపేవాడు.”

“అది రొయ్యల ఊపిరి కోసమమ్మా. కృపమ్మ ఊపిరి బాగానే తీస్తోంది.” తప్పు సమాధానం చెప్పిన పిల్లని దిద్దినట్టు నెమ్మదిగా చెప్పారు.

ఒళ్ళు మండిపోయింది. “మరి ఆ ఫ్రిజ్ తలుపుకి రబ్బరు ఊడిపోయి ఎన్నేళ్ళయింది? సైకిలు ట్యూబుతో కట్టారు. అది రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతోంది, అది వృథా కాదాండీ?”

“తలుపు వెయ్యగానే లోపల లైటు ఆరిపోతుందమ్మా. నేను చూశాను.”

ఇదీ ఆయన సైన్సు. కంటికి వెలుగు కనిపించాలి, చెవికి చప్పుడు వినిపించాలి, అప్పుడే అది ఖర్చు. ఇన్నేళ్ళు మాకు నేర్పిందీ ఇదే. నేను కృపమ్మగారిని పక్కకి తిప్పి కట్టు విప్పాను. “రండి, చూడండి,” అన్నాను. ఆయన ఎప్పుడూ చూడలేదు. లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది. చాలాసేపు చూశారు. తర్వాత వెళ్ళి మోటారు స్విచ్చి వేశారు. ఫ్యాను నేను వేశాను.

ఆ రోజు నుంచి మోటారు ఆగలేదు. మాస్టారు చర్చి మానేసి, దాని మీద చెయ్యి వేసుకుని పక్కనే కూర్చునేవారు. వారానికి కృపమ్మగారికి జ్వరం అందుకుంది. ఏలూరు తీసుకెళ్ళారు. పుండు విషం రక్తంలోకి ఎక్కిందని డాక్టర్లు జాయ్సీతో అన్నారు. తొమ్మిదో రోజున కృపమ్మగారు పోయింది.

పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే ఆదరణ కూడికకి ఇంటి ముందు షామియానా వేశారు. ఇలాంటి భర్త దొరకడం ఆ తల్లి ధన్యత అని పాస్టరుగారు అన్నారు. చివరిదాకా మంచం పక్క నుంచి లేవలేదని సాక్ష్యం చెప్పారు. అందరూ కళ్ళు ఒత్తుకున్నారు. జాయ్సీ నన్ను పెరట్లోకి పిలిచింది.

“అక్కా, అమ్మ ఆ పుండు వల్లే పోయిందని నాన్నకి చెప్పకండి. ఆసుపత్రిలో పట్టిన ఇన్ఫెక్షన్ అని చెప్పాను. నాన్న నమ్మారు.”

సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకుని ఉంటే నేనూ మంచిదాన్నే అయ్యేదాన్ని.

భోజనాలు మొదలయ్యాయి. వసారాలో గాలి పరుపు మడిచి తాడుతో కట్టి ఉంది, పైన మోటారు. వరదానంగారని సంఘంలో పెద్దాయన, వాళ్ళ తమ్ముడికి అవసరమై తీసుకెళ్తున్నారు. మాస్టారు ఆయనకి జాగ్రత్తలు చెప్తున్నారు. “ఇది కరెంటు బాగా తింటుందండీ. కొంచెం చూసి వాడుకోండి.”

విన్నాను. ఇక ఆగలేకపోయాను. మోటారు తీసుకుని తిరగేశాను. ఎన్ని వాట్లో వెనక చిన్న రేకు మీద రాసి ఉంది. నేనూ అంతకుముందు చదవలేదు, ఆ సిగ్గు నాకుంది. కూడికకి పిలుస్తూ అచ్చేసిన కార్డు వెనక్కి తిప్పి, వరదానంగారి జేబులో పెన్ను అడిగి తీసుకుని లెక్క వేశాను. రోజుకి ఆరు గంటలు, నలభై రోజులు, రెండు వందల నలభై గంటలు. ఎనిమిది వాట్లు. పంతొమ్మిది వందల ఇరవై. వెయ్యితో భాగించాను.

“రెండు యూనిట్లు కూడా కాదు మాస్టారూ, మీరు మిగిల్చింది. మీ ఫ్రిజ్ ఒక్క రోజులో తినేస్తుంది. దీనికే అమ్మగారు పోయారు.”

వరదానంగారు చేతిలో పరుపు కట్ట కింద పెట్టేశారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కార్డు అందుకున్నారు. ఒక్కొక్క మెట్టూ వేలు పెట్టి చదివారు. మోటారు వెనక అంకె కూడా వంగి చూసుకున్నారు.

“కరెక్టేనమ్మా,” అన్నారు.

నేను వెళ్ళిపోవాలని వెనక్కి తిరిగాను. “దుర్గా, ఒక మాట చెప్పు,” అని ఆపారు. “మోటారు ఆపడానికి బోర్డు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కృపమ్మ ఎడం చెయ్యి ఎత్తేది. బోర్డు వైపు చూపించేది. రోజూ.”

ఆయన ఏమడుగుతున్నారో తెలిసింది. అబద్ధం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చారు.

“ఆపొద్దని చెప్పేదండీ,” అన్నాను.

ఆయన కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. షామియానా వైపు చూశారు. అక్కడ జాయ్సీ ఎవరికో వడ్డిస్తోంది.

“నేను ఇంకోలా అనుకున్నానమ్మా,” అన్నారు. “ఫ్యాను మర్చిపోయానంటోందని, అది కూడా ఆపేసేవాణ్ణి.”