ప్రార్థన అయితేనే తెర

గొంతునిచ్చి, ఆ గొంతుతో పలకడానికి తన నామాన్ని కూడా ఇచ్చిన శ్రీమన్నారాయణుడికి ముందుగా వేయి నమస్కారాలు.

నా చిన్నప్పుడు, ఇళ్ళల్లోకి కేబుల్ టీవీలు కొత్తగా వస్తున్న రోజుల్లో, అమలాపురంలో ఒక పాత నాటక సమాజం ఉండేది. చందాలతో కట్టిన పెంకుల హాలు. అందులో పౌరాణిక నాటకాలు ఆడేవారు, ఆదివారాలు పిల్లలకు పద్యాలు ఉచితంగా నేర్పేవారు. నేర్పే మేష్టారు రాజోలు నుంచి బస్సులో వచ్చేవారు. ఒకప్పుడు స్త్రీ పాత్రలకు పేరుపడ్డ మనిషి. నేను ఎరిగేనాటికి గొంతు పోయింది. హార్మోనియం మీద వేళ్ళు మాత్రం ఆడేవి.

పిల్లలు రావడం తగ్గిపోయింది. ఈసారి నాటకంలో ఒక్క పిల్లయినా నిలబడి పాడకపోతే ఆదివారం తరగతి ఎత్తేసి, హాలు పెళ్ళిళ్ళకు ఇచ్చేస్తామని కమిటీ పెద్దలు తేల్చేశారు. ఆ పిల్లని నేనే.

నాటకానికి ముందు వేషాలు కట్టినవాళ్ళంతా తెర వెనక దేవుడి పటం ఎదుట నిలబడి ప్రార్థన చేస్తారు. అది అయితేనే తెర లేస్తుంది. ఆ ప్రార్థన నేను ఎత్తుకోవాలి. పట్టులంగా కట్టుకున్నాను, వీధి వీధంతా చెప్పుకున్నాను. తీరా ఆ మధ్యాహ్నం తెర అవతల సందడే లేదు. "జనం లేకపోతే నేను పాడనండీ" అని మొండికేశాను.

మేష్టారు తెర అంచు పట్టుకుని అవతలికి చాలాసేపు చూశారు.

"ఆయ్, నిండిపోయిందమ్మడూ. వెనకాల నిలబడ్డారు కూడాను. ఎత్తుకో."

రాజు వేషం కట్టినాయన ఎందుకో దగ్గారు. నేను కళ్ళు మూసుకుని, గొంతు విప్పి పాడాను.

తెర లేచింది. ముందు వరసలో కమిటీవారు నలుగురు, పక్కన ఇద్దరు ముసలివాళ్ళు. మిగతావన్నీ ఖాళీ కుర్చీలు. నేను పక్కకు పరుగెత్తి ఏడ్చాను.

"ఊరుకో బుల్లెమ్మా, నీది ఒక్క పాటతో అయిపోయింది. నేను సాయంత్రం దాకా ఆ కుర్చీల మీద కత్తి దుయ్యాలి" అన్నారు రాజుగారు.

రంగం మారే సందులో మేష్టారు నా దగ్గరకు వచ్చారు. ఒళ్ళంతా చెమట.

"అబద్ధం చెప్పేనమ్మా. తప్పు నాదే. నిజం చెబితే పాడేదానివా?"

ఆయన మళ్ళీ హార్మోనియం ముందు కూర్చున్నారు. ఆ ఖాళీ హాలుకి ఒక్క పద్యం కూడా తగ్గించకుండా చివరిదాకా వాయించారు.

తరగతి నిలిచింది. ఆయన బస్సు ఎక్కలేకపోయేదాకా, మరో రెండేళ్ళు.

ఇప్పుడు శనివారాలు మా కోవెలలో భజన ఎత్తుకునేది నేనే. గీత ఎన్నిసార్లు పారాయణ చేశానో లెక్కలేదు. ఫలం మీద ఆశ వద్దని పదిమందికీ చెబుతాను. అయినా మోకాళ్ళ నొప్పులతో కూర్చున్నాక, మొదలుపెట్టే ముందు నా కళ్ళు గుమ్మం వైపే పోతాయి. అర్చకులూ నేనూ తప్ప ఎవరూ లేని రోజులున్నాయి. ఆ రోజుల్లో మేష్టారి ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడుతుంది. నిజం చెప్పాలంటే, అలసిపోయాను.

చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం చేతులు జోడించి నాతో అనండి: స్వామీ, ఎవరూ రాలేదని తెలిసిన రోజున కూడా నీ పేరు ఎత్తుకునే ఓపిక మాకు ఇవ్వు.