పద్నాలుగు అంగుళాల చుట్టు

మా బావ సొంతూరు మాక్లూర్ వైపు ఆయన మాట వస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు కిరసనాయిలు డబ్బా వాయిస్తున్నట్టు రెండు చేతులు ఆడిస్తారు. అంత పేరున్న వేటగాడు బోధన్ చెరుకు తోటల దగ్గర అడవిపందిని రెండుసార్లు కాల్చి రెండుసార్లూ తప్పాడని దాని అర్థం. ఆయన గురి తప్పలేదు. తప్పింది నేను. అది ఎలా జరిగిందో దాచకుండా రాస్తున్నాను.

అక్క పెళ్లయినప్పటి నుంచి, చెరుకు కొట్టే కాలం రాగానే బావ మా ఊరు వచ్చేవాడు. తన పసుపు చేను తమ్ముడికి అప్పజెప్పి, బర్మారు తుపాకి భుజాన వేసుకుని వచ్చేవాడు. బర్మారు అంటే మూతి నుంచి మందు, రవ్వలు కూరి కాల్చే పాతకాలం తుపాకి. దానితోనే ఆయన ఎన్నో పందులను పడగొట్టాడు. ఆయన వస్తే మా ఇంట్లో వంట రుచి కూడా మారేది. పొద్దున్నే ఎడ్లతో మాట్లాడేవాడు, మా అవ్వతో పోట్లాడేవాడు, చెరుకు కొట్టే ఆడవాళ్ల పాటలకు తప్పుడు మాటలు కలిపి తిట్లు తినేవాడు.

పందుల బాధ ఎక్కువైన ఏడాది బాపు పేరు మీద రైఫిలుకు లైసెన్సు వచ్చింది. కాల్చేవాళ్లుగా బావ, మా చిన్నాయన పేర్లు కూడా అందులో రాయించారు. నిజామాబాద్‌లో తుపాకులు బాగుచేసే ఒక ముసలి ఉస్తాదు దగ్గర పాత రైఫిలు దొరికింది. కట్టె, తూటాను పేల్చే గుర్రం అన్నీ బాగున్నాయి కానీ గొట్టం లోపల తుప్పు తినేసింది. దానికి సరిపోయే గొట్టాలు ఆయన దగ్గర రెండు ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుంటే బిగించి ఇస్తానన్నాడు. నేను అప్పుడే పి.యు.సి.లో ఫిజిక్సు తప్పి ఇంటికి వచ్చాను. అయినా ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కడినే కాబట్టి బాపు బావతో పాటు నన్ను పంపాడు.

రైఫిలు గొట్టం లోపల సన్నటి గాడులు మెలితిరిగి ఉంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ, తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిరుగుడే దాన్ని గాలిలో ముక్కు సూటిగా నిలబెడుతుంది. రెండు గొట్టాలకూ మెలి ఒకటి కాదని ఉస్తాదు చెప్పాడు.

"లంబీ గోలీ ఉంటే చక్కర్ జ్యాదా ఉండాలె. పొట్టి గోలీకి తక్కువున్నా నడుస్తది. మీకు ఏ గోలీ దొరుకుతదో మీరే సూస్కోన్రి. నేను నమాజుకు పోయొస్త. ఏది గావాల్నో బల్ల మీద పెట్టున్రి."

మేము అప్పటికే తెచ్చుకున్న డబ్బాలో ఉన్నవి పొడవాటి బరువు తూటాలు. పంది భుజం మందం. పొట్టి తూటా అక్కడే ఆగిపోతుందని వాటినే తీసుకున్నాం. అంటే మాకు మెలి ఎక్కువున్న గొట్టం కావాలి. అంతవరకు నాకు బాగానే అర్థమయింది.

కొలిచే పద్ధతి ఉస్తాదు చూపించే పోయాడు. ఇనుప చువ్వకు బిగుతుగా గుడ్డ చుట్టి, చువ్వ మీద సుద్దతో గీత గీసి, గొట్టంలోకి నెమ్మదిగా తోయాలి. గాడుల వెంట చువ్వ తిరుగుతుంది. గీత మళ్లీ పైకి వచ్చేసరికి చువ్వ ఎంత లోపలికి పోయిందో చూడాలి. మొదటి గొట్టంలో పది అంగుళాలు పోయింది. రెండోదానిలో పద్నాలుగు.

"పద్నాలుగే ఎక్కువ. ఇదే," అన్నాను.

బావ చువ్వను తన చేతిలోకి తీసుకుని రెండు గొట్టాల్లోనూ మళ్లీ తోసి చూశాడు.

"బామ్మర్ది, ఒక్క చుట్టు తిరగనీకి గిది పద్నాలుగు అంగుళాలు తీస్కున్నది. గది పదింట్లనే తిరిగింది. మరి గట్టిగ పేనింది గదే గద?"

"పేనుడేంది బావా?"

"మోకు పేనుతం గదా. పురి దగ్గర దగ్గర పడితే గట్టి మోకు. దూరం దూరం పడితే ఎద్దు ఒక్క గుంజుడుకు తెంపుకుంటది."

"బావా, గిది మోకు గాదు. గిది సైన్సు. నువ్వు ఎద్దుల సంగతి సూసుకో."

దుకాణంలో వేరే ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లు గట్టిగా నవ్వారు. బావ కూడా నవ్వి, చువ్వ కింద పెట్టి, "సదువుకున్నోడు చెప్పినంక ఏముంది," అన్నాడు. నేను పద్నాలుగు అంగుళాల గొట్టం బల్ల మీద పెట్టాను. ఉస్తాదు వచ్చి ఏమీ అడగకుండా బిగించాడు.

తూటాలు లైసెన్సు మీద లెక్కగా ఇచ్చేవారు. వాటిని వృథా చేయొద్దని బాపు కాల్చి చూడనివ్వలేదు. నేరుగా హాకాకే పోయాం. హాకా అంటే జనం వరుసగా నిలబడి, కేకలతో, డబ్బాల మోతతో పందిని తోటలోంచి బయటికి తరమడం. మాకది పండుగ లాంటిది. ఆడవాళ్లు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు గట్టు మీదికి తెచ్చేవారు. మా చేన్ల వేటకు ఒక కట్టుబాటు ఉండేది. గురి తప్పినవాడు ఆ కాలమంతా తుపాకి ముట్టకూడదు. జనంలో కలిసి కిరసనాయిలు డబ్బా కొట్టాలి. ఎంత పెద్దవాడైనా సరే.

ఆ రోజు నల్లటి మగపంది ఒకటి తోట చీల్చుకుని బీడులోకి వచ్చి, వంద అంగల దూరంలో అడ్డంగా నిలబడింది. బావ తొందరపడలేదు. కాల్చాడు. పంది చెవులు మాత్రం కదిపింది. మళ్లీ కాల్చాడు. అది మా అందరినీ ఒకసారి చూసి, తోక ఎత్తి, పరుగు కూడా తీయకుండా నడుచుకుంటూ పోయింది.

ముందుగా నవ్వింది మా చిన్నాయన. "అల్లుడా, పందికి నమస్తే పెట్టినవా, తుపాకి పెట్టినవా?"

తర్వాతి హాకాలో బావ డబ్బా మెడలో వేసుకున్నాడు. ఆ డబ్బాను ఊరికే కొట్టలేదు. దానికి ఒక తాళం కట్టాడు. జనం ఆ తాళానికి అడుగులు వేస్తూ, నవ్వుతూ, తోటలోకి నడిచారు. ఆయన డబ్బా వినడానికని పక్క ఊరి నుంచి కూడా వచ్చారు. మా చేన్లలో అంత సంబరం నేను మళ్లీ చూడలేదు.

ఆ సంబరం నడుస్తుండగానే నాకు నిజం తెలిసిపోయింది. పంది నిలబడిన చోటికి వెనక ఒక తుమ్మ చెట్టు ఉంది. దాని మొద్దులో తూటా దిగిన గుర్తు గుండ్రంగా లేదు. వేలును అడ్డంగా ఒత్తినట్టు పొడుగ్గా ఉంది. తూటా ముక్కుతో కాకుండా పక్కకు వాలి తగిలింది. మరునాడు బాపు సంతకు పోయినప్పుడు రైఫిలు తీసుకుని, పాత బండి పలకకు కాగితం అంటించి రెండు తూటాలు కాల్చాను. రెండు రంధ్రాలూ అడ్డంగానే ఉన్నాయి, జానెడు పైగా ఎడంగా పడ్డాయి. ఒక్క చుట్టుకు ఎక్కువ అంగుళాలు పడితే మెలి తక్కువని అప్పటికి నా బుర్రకు ఎక్కింది. మోకు పేనే మనిషికి చూడగానే తెలిసింది.

రైఫిలు శుభ్రం చేయిస్తానని చెప్పి ఒక్కణ్నే నిజామాబాద్ పోయాను. ఉస్తాదు గొట్టం మారుస్తూ, "జింకల కోసం పొట్టి గోలీ తెస్తరనుకున్న బాబూ," అన్నాడు. మారిన గొట్టంతో ఇంటికి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ వారమే చిన్నాయన అదే రైఫిలుతో మొదటి తూటాకే పందిని కొట్టాడు. ఊరంతా చూసింది. తుపాకి మంచిదే, తప్పింది బావ కన్నే అని అప్పుడు తేలిపోయింది. ఇక చెప్పడం నా వల్ల కాలేదు. బావ నవ్వుతూనే ఉన్నాడు కదా, ఆయనకేమీ పట్టలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రెండేళ్లు అట్లా గడిచాయి. మూడో ఏడాది ఒక పొద్దున, చెరుకు బండ్లతో ఫ్యాక్టరీకి బయలుదేరుతున్నప్పుడు అక్క రొట్టెలు మూట కడుతూ మెల్లగా అంది.

"మీ బావ బర్మారు మా మరిదికి ఇచ్చేసిండు తమ్మీ. ఇగ తుపాకి పట్టడట."

"ఎందుకు?"

"కండ్లు పోయినయ్ అంటడు. పొద్దుగాల లేసి, ఒక కన్ను మూసి గడప కాడ నిలవడి దూరం సూస్తడు. నేను సూస్తలేననుకుంటడు."

నేను రొట్టెల మూట అందుకుని బావ ఉన్న బండే ఎక్కాను.

బోధన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుస చాలా పొడుగ్గా ఉంది. ఎడ్లను విప్పి మేత వేసి, బండ్ల నీడన జనం కూర్చున్నారు. బావ చెరుకు గడ చీలుస్తూ ఎవరినో నవ్విస్తున్నాడు. చిన్నాయన మా వెనక బండి మీద ఉన్నాడు. నేను బావ ముందు నిలబడి మొత్తం చెప్పాను. పది, పద్నాలుగు, తుమ్మ మొద్దు, మార్చిన గొట్టం, అన్నీ చెప్పాను. దుకాణంలో ఆయన చెప్పిందే సరైనదని, నేనే ఆయన్ని నవ్వులపాలు చేశానని కూడా చెప్పాను.

బావ చెరుకు గడ కింద పెట్టాడు. 

"అయితే నా కండ్లు బాగనే ఉన్నయా?"

"బాగనే ఉన్నయి బావా."

"రెండేండ్లు బామ్మర్ది. రెండేండ్లు సూదిల దారం గూడ మీ అక్కతోనే ఎక్కిచ్చుకున్న."

నేను తల దించుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన లేచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నడువు. గీ బండి కాడ చెప్పినవు. ఎనుక బండి కాడ గూడ చెప్పు."

చిన్నాయన బండి దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. ఆయన విని నోరు తెరిచాడు. "అంటే నేను కొట్టిన పంది?"

"గొట్టం కొట్టింది మామా, నువ్వు పట్టుకున్నవ్ అంతే," అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్లు పడి పడి నవ్వారు.

అక్కడితో వదల్లేదు. బండి తర్వాత బండి, వరుస పొడుగునా నన్ను తిప్పాడు. నాలుగో బండి దగ్గర నేను పన్నెండు అంగుళాలన్నాను. "పద్నాలుగు. అబద్ధం తగ్గించకు," అని సరిచేశాడు. ఏడో బండి దగ్గరికి వచ్చేసరికి నాకు సిగ్గు పోయింది, పంది చూసిన చూపు నేనే చేసి చూపించాను. ఒక పెద్దమనిషి నా చెవి పట్టుకుని మెలిపెడుతూ, "గిది ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు రా?" అని అడిగాడు. బావ అంతగా నవ్వడం రెండేళ్లలో చూడలేదు. పాత నవ్వుకూ దీనికీ తేడా ఉందని అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆ రోజు వరుసలో మాక్లూర్ వాళ్లు లేరు. అందుకే అక్కడ ఇంకా చేతులు ఆడిస్తున్నారు, అందుకే ఇది రాశాను.

చివరి బండి సరిహద్దు అవతలి మరాఠీ ఆయనది. నేను వచ్చీరాని ఉర్దూలో చెప్పాను. అంతా విని, "ఆణి డుక్కర్?" అని అడిగాడు. మరి పంది ఏమైంది అని.

దానికి జవాబు నేను చెప్పబోతే బావ నన్ను పక్కకు తోశాడు. బండి నొగ మీద కూర్చుని, ఎడమ కన్ను మూసి, లేని రైఫిలు ఎత్తి, ఆ పంది తోటలోంచి ఎట్లా వచ్చిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వేట సంగతి ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. ముందు బండ్లు కదిలాయి. ఆయన ఆపలేదు. నేను పరుగెత్తి వెళ్లి ఎడ్లను కట్టి, మా బండి ముందుకు తోలాను.